విద్యకు రెండు గమ్యములా?

విద్య యొక్క గమ్యమేమి అను ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. దానికి ప్రతి యుగమును ఏదో యొక సమాధానము చెప్పుచునే వచ్చినది. ముక్తి యని కొందరు, శీలమని కొందరు, పౌరధర్మమని మరికొందరు చెప్పిరి. జీవనోపాధి యని నేటివారిలో పెక్కుమంది చెప్పుచున్నారు. వీటిలో ఏది సరియైనదను వాదము పండితులకు ప్రీతికరము. కాని ఆ వాదము జరుగుచున్నంతసేపును దాని వెనుక మరియొక ప్రశ్న దాగియుండును. ఆ గమ్యము ఎవరి బిడ్డకు? ఈ ప్రశ్న అడుగువారు తక్కువ. తన బిడ్డకొక గమ్యమును, తన పనివాని బిడ్డకు వేరొక గమ్యమును నిర్ణయించిన సమాజము విద్యను గూర్చి ఎంత ఉదాత్తముగా పలికినను ఆ పలుకులకు విలువ లేదు. విద్యాగమ్యము, విద్యాన్యాయము అని రెండు వేర్వేరు సమస్యలు లేవు. గమ్యము అందరికిని ఒక్కటియైనచో అది న్యాయము. గమ్యములు రెండైనచో, పాఠశాలలు ఎన్ని కట్టినను అది అన్యాయమే.

ఈ మాటను గ్రంథములలో నిలిపి చర్చించుటకంటె ఒక నగరమున నిలిపి పరీక్షించుట మేలు. తాపీనది యొడ్డుననున్న సూరత్తు అందుకు తగిన నగరము. మొగలుల కాలమున అది పడమటి సముద్రమునకు ద్వారము. హజ్ యాత్రికులును, ఆంగ్లేయ, డచ్చి వర్తకులును ఓడలెక్కిన రేవు. బొంబాయి వృద్ధియైన కొలదిని ఆ వైభవము తగ్గినది. కాని వాణిజ్యబుద్ధి నగరమును విడువలేదు. జరీపనికి పేరుపొందిన ఆ యూరు, ఇరువదవ శతాబ్దమున కృత్రిమపట్టు నేయు మరమగ్గములకును, వజ్రములు సానపట్టు కార్ఖానాలకును కేంద్రమైనది. ఆ మగ్గములను నడుపువారు ఎక్కువగా గుజరాతీలు కారు. ఒడిశాలోని గంజాము నుండి, ఖాందేశ్ నుండి, ఉత్తరప్రదేశ్, బీహారుల నుండి, తెలంగాణములోని కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల నుండి కుటుంబములు అచటికి తరలివచ్చినవి. లింబాయత్, ఉధ్నా ప్రాంతములలో తెలుగు పద్మశాలీలు తరతరములుగా నివసించుచున్నారు. సొంత ఊరిలో చేమగ్గము కూడు పెట్టక, పరాయి ఊరిలో మరమగ్గమునకు కూలియైనవారి సంతతి అది.

ఈ నగరమును గూర్చి మొదట చెప్పవలసినది ప్రశంసయే. సూరత్తు నగరపాలక సంస్థ తన ప్రాథమిక పాఠశాలలను గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఆంగ్లము అను ఏడు భాషలలో నడుపుచున్నది. పరభాషీయుడైన కార్మికుని బిడ్డకు అతని భాషలోనే అక్షరములు దిద్దించుటకు ఒక నగరము తన ధనమును వెచ్చించుట దేశమున అరుదైన విషయము. తెలుగుదేశమునకు దూరముగా, మగ్గముల హోరు నడుమ, ఒక బాలుడు తెలుగులో పద్యము వల్లించుచున్నాడనిన దానిని తేలికగా తీసివేయరాదు. అయినను ఒక ప్రశ్న మిగులుచున్నది. ఆ పాఠశాల ఆ బాలుని ఎంతవరకు తీసికొనిపోవుటకు కట్టబడినది?

పాఠశాల అనునది మనుష్యుని ఎంతవరకు తీసికొనిపోగలదో సూరత్తునకు తెలియనిది కాదు. 1844లో ఆ యూరిలోనే దుర్గారామ్ మెహతాజీ అను ఉపాధ్యాయుడు మిత్రులతో కలిసి మానవధర్మసభను స్థాపించెను. మంత్రగాండ్రను సభకు పిలిచి, మీ శక్తిని అందరియెదుట చూపుడని సవాలు చేసెను. వితంతువుల పునర్వివాహమును సమర్థించెను. అతడు బడిలో చెప్పినది లెక్కలును, అక్షరములునే కావచ్చును. కాని బడి అతనికి నేర్పినది భయములేక ప్రశ్నించుట. ఆ నగరముననే 1833లో జన్మించిన నర్మదాశంకర్ తన భాషలోని మాటలను ఒక్కొక్కటిగా ఏరి, అర్థములు వ్రాసి, 1873 నాటికి నర్మకోశమును పూర్తిగా వెలువరించెను. సూరత్తు ఆంగ్ల పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడైన నందశంకర్ మెహతా 1866లో ప్రకటించిన కరణ్ ఘేలో గుజరాతీ భాషకు తొలి నవల యని పేరొందినది. ప్రశ్నించుట, తన భాషకు తాను యజమాని యగుట, తన దేశచరిత్రను తాను చెప్పుకొనుట — విద్యకు గమ్యమేమనువారికి ఆ నగరము ఇచ్చిన సమాధానములివి. ఇంతకంటె మేలైనవి మరియొకటి రెండు ఉండిన ఉండవచ్చును.

కాని ఆ వెలుగు ఎంతదూరము ప్రసరించినది? ఆనాటి ప్రభుత్వమువారి సిద్ధాంతము, పైవర్గములకు విద్య చెప్పినచో అది క్రమముగా క్రిందివారికి దిగునని. ఒక శతాబ్దమునకు పైగా గడచినను అది దిగలేదు. నీరు పల్లమునకు పారుట ప్రకృతి. విద్య పల్లమునకు పారుటకు కాలువ త్రవ్వువాడు కావలెను. సూరత్తు జిల్లాలో అనావిల భూస్వాముల పొలములలో తరతరములుగా హాలీలుగా కట్టుబడియుండిన దుబ్లాల బిడ్డలకు నర్మకోశమును, కరణ్ ఘేలోయును ఉన్నట్లే తెలియదు. కోశము వ్రాసినవారి తప్పు కాదది. కోశము అందరిదియని తలపని సమాజముదే తప్పు.

అప్పటినుండి ఇప్పటివరకును రెండు గమ్యములను సమర్థించువారు మూడు వాదములు చేయుచున్నారు. అందు మొదటిది జీవనోపాధి వాదము. పేదవానికి తత్త్వమెందుకు, పని నేర్పుడు, బ్రతుకును — అని వీరందురు. ఈ మాటలో దయయున్నట్లు తోచును. ఆకలిగొన్నవానికి అన్నము ముఖ్యమనుటలో సందేహమెవరికిని లేదు. కాని ఈ వాదము చేయువారు దానిని తమ యింట ఎన్నడును ఆచరింపరు. వజ్రపు వర్తకుడు తన కుమారునకు సానరాతి పని మాత్రమే నేర్పి ఇదియే విద్య యనడు. అతనికి గణితము, న్యాయశాస్త్రము, దేశదేశముల విపణిమర్మములు నేర్పించును. రాయి చెక్కుట ఒక పని. రాయి ధర ఎందుకు పెరుగునో, ఎందుకు తరుగునో తెలియుట ఒక విద్య. మొదటిదానిని ఒక వర్గమునకును, రెండవదానిని మరియొక వర్గమునకును పంచిపెట్టి, ఇరువురికిని విద్య దొరకినదనుట మాటలతో మోసగించుటయే.

ఈ మోసము ఎట్టిదో కాలమే వెల్లడించినది. 2008 చివర ప్రపంచమందలి ఆర్థికమాంద్యము సూరత్తును తాకినప్పుడు సానపనివారు వేలకొలది పని కోల్పోయిరి. వారి చేతి నైపుణ్యమున లోపము లేదు. ఆ నైపుణ్యము వారికి వేరొక దారి చూపలేదు. 2020 ఏప్రిలులో, మహమ్మారి కారణమున దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు, మరమగ్గముల కార్మికులు కూలి ఇప్పింపుడని, తమ ఊళ్లకు పంపుడని సూరత్తు వీధులకెక్కిరి. నాడెతో నడచు మగ్గము పోయి నీటిధారతో పేకను నెట్టు మగ్గము వచ్చుచున్నది. పదిమంది చేసిన పని కొద్దిమంది చేయుదురు. ఒక్క యంత్రమునకు తగినట్లుగా మనుష్యుని మలచు విద్య ఆ యంత్రముతోనే పాతబడును. జీవనోపాధి కొరకే విద్య యనువారు జీవనోపాధిని కూడ కాపాడలేకపోవుచున్నారు.

ఇచట ఒక ఆక్షేపణ వచ్చును. చేతిపనిని విద్యలో చేర్చుమని గాంధీజీయే చెప్పలేదా? చెప్పెను. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన సమావేశమునందు ఆయన తన విద్యాప్రణాళికను దేశము ముందుంచెను. జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము దానికి రూపమిచ్చినది. 1938 ఫిబ్రవరిలో సూరత్తు జిల్లాలోని హరిపురలో జరిగిన కాంగ్రెసు మహాసభ ఆ సూత్రములను ఆమోదించినది. అదే జిల్లాలో, నేడు తాపీ జిల్లాలో చేరిన వేడ్ఛీలో, జుగత్‌రామ్ దవే ఆదివాసుల బిడ్డల నడుమ ఆశ్రమము నెలకొల్పి జీవితమంతయు ఆ విద్యకే ధారపోసెను. ఆ ప్రణాళికలో రాట్నము పేదవాని బిడ్డకు మాత్రమే ఉద్దేశింపబడినది కాదు. వకీలు కుమారుడును, వర్తకుని కుమార్తెయును, హాలీ బిడ్డయును ఒకే వరుసలో కూర్చుండి నూలు వడకవలెననియు, ఆ పనినుండియే గణితమును, భూగోళమును, చరిత్రమును నేర్వవలెననియు దాని భావము. చేతికిని మెదడునకును నడుమనున్న కులపు గోడను పడగొట్టుట దాని ఉద్దేశము.

జరిగినదేమి? హరిపురలో చేతులెత్తి ఆమోదించిన విద్యావంతులలో ఎందరు తమ బిడ్డలను ఆ బడులకు పంపిరి? రాట్నము పల్లెబడికి పోయినది. ఆంగ్ల పాఠశాల పట్టణమున నిలిచినది. మూలవిద్య యనగా తక్కువవారి విద్య యను భావము కొలదికాలముననే స్థిరపడినది. పేదవారు కూడ దానిని అనుమానించిరి. వారి అనుమానము న్యాయమైనదే. పెద్దలు తమకొరకు ఉంచుకొనని వస్తువును దానముగా ఇచ్చినప్పుడు, పుచ్చుకొనువాడు దానిని తిరగవేసి చూచును. ఆ ప్రణాళిక ఓడిపోవుటకు కారణము అందలి చేతిపని కాదు. ఒకటిగా ఉండవలసిన గమ్యమును దేశము రెండుగా చీల్చినది.

రెండవది భాషావాదము. ఇది సూరత్తులోని తెలుగు కుటుంబములను నేరుగా తాకునది. గుజరాతునకు వచ్చి బ్రతుకువారు గుజరాతీలోనే చదువుకొనవలెనని ఒక పక్షము. ఏ భారతీయభాషయు వలదు, ఆంగ్లమే నిచ్చెన యని మరియొక పక్షము. ఈ రెండింటిలోను కొంత సత్యము లేకపోలేదు. సూరత్తులో బ్రతుకువానికి గుజరాతీ రాకున్న అంగడిలోను, కచ్చేరిలోను, ఆసుపత్రిలోను అతడు మూగవాడగును. ఆంగ్లము రానివానికి ఉన్నతవిద్య ద్వారములు నేటికిని బరువుగనే తెరచుకొనుచున్నవి. కాని ఒక భాషను నేర్చుట వేరు, తెలియని భాషలో సమస్తమును నేర్చుట వేరు. వర్తకుని బిడ్డ ఆంగ్లమున తడబడినచో ఇంట తండ్రి దిద్దును, లేదా ట్యూషను మాస్టరు వచ్చును. మగ్గముపై పండ్రెండు గంటలు నిలిచివచ్చిన తండ్రి దిద్దలేడు. ఒకే పలక, ఒకే పుస్తకము ఇరువురి చేతికిని ఇచ్చినంతమాత్రమున ఇరువురికిని ఒకే విద్య దొరకినట్లు కాదు.

2014లో సర్వోన్నత న్యాయస్థానము, ప్రాథమిక దశలో మాతృభాషనే బోధనభాషగా ప్రభుత్వము నిర్బంధింపరాదనియు, ఎంపిక బిడ్డదియు, బిడ్డ తరపున తలిదండ్రులదియు అనియు తీర్పు చెప్పినది. స్వేచ్ఛ గొప్పదే. కాని ఎంపిక యనునది రెండు మంచి వస్తువుల నడుమ జరిగినప్పుడే స్వేచ్ఛ యనిపించుకొనును. ముందునకు దారిలేని మాతృభాషాపాఠశాల యొకవైపు, ఆంగ్లము సరిగా రాని ఉపాధ్యాయుడు నడుపు ఆంగ్లపాఠశాల మరియొకవైపు ఉండగా, తండ్రి చేయు ఎంపికను స్వేచ్ఛ యనుట అతని అసహాయతను ఎగతాళి చేయుట.

మాతృభాషాపక్షమువారును ఆత్మతృప్తి చెందుటకు వీలులేదు. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు మాతృభాషలో బోధనసౌకర్యములు కల్పించుటకు ప్రతి రాష్ట్రమును, ప్రతి స్థానికసంస్థయును ప్రయత్నింపవలెనని చెప్పుచున్నది. కాని ఆ వాక్యమున ప్రాథమికదశ అను మాట యున్నది. దానితో వాగ్దానము ముగియును. 2020 నాటి జాతీయ విద్యావిధానము కనీసము ఐదవ తరగతివరకు, వీలైనచో ఎనిమిదవ తరగతివరకును ఆపైనను మాతృభాషలో బోధింపవలెనని కోరుచున్నది. వీలైనచో అను మాటయందే దాని బలము కరగిపోవుచున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్ల వరకే వర్తించును. 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము 14 ఏండ్లు నిండినవారిని అపాయకరములు కాని పనులలో నియోగించుటకు అనుమతించుచున్నది. ఈ నాలుగింటిని ప్రక్కప్రక్కన ఉంచి చదివినవానికి ఒక విషయము స్పష్టమగును. రాజ్యము ఆ బిడ్డ చేయి విడుచు వయస్సును, పని అతనికి తలుపు తెరచు వయస్సును ఒక్కటే. ఎవరును కుట్రపన్ని ఇట్లు చేసియుండకపోవచ్చును. కాని కుట్రలేకయే ఇంత చక్కగా అమరినదనిన, అది ఒక సమాజము తన పనివారి బిడ్డలకు నిర్ణయించిన గమ్యమేమో చెప్పకయే చెప్పుచున్నది. పాఠము కఠినమగు వయస్సున, భాష మారు వయస్సున, ఇంట ఆదాయము అవసరమగు వయస్సున, హక్కు కూడ ముగియును. ఆ మూడు భారములను పదునాలుగేండ్లవాని నెత్తిన పెట్టి, బడి మానినాడు, చదువుపై శ్రద్ధలేదు అని వ్రాసికొనుట ఎంతటి అన్యాయము!

భాషను గూర్చిన ఈ విచారణలో తెలుగువారికి ఒక పూర్వుడు కలడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు రామమూర్తి, ఆ కొండలలోని సవరల బిడ్డలకు చదువు చెప్పనెంచి మొదట తానే వారి భాష నేర్చెను. సవరలో పాఠములు వ్రాసి, వారికి బడులు పెట్టించెను. 1931లో సవరభాషకు వ్యాకరణగ్రంథమును, 1938లో నిఘంటువును ప్రకటించెను. నర్మదాశంకర్ తన భాషకు కోశము వ్రాసెను. గిడుగు తనది కాని భాషకు, లిపియైన లేని భాషకు కోశము వ్రాసెను. పుస్తకములలోని తెలుగు పిల్లవాని నోటి తెలుగునకు దగ్గర కావలెనని ఆయన చేసిన పోరాటమును, సవరల బడియును రెండు పనులు కావు. బడి బిడ్డవద్దకు రావలెను అను ఒకే సూత్రమునకు అవి రెండు ఫలములు.

సూరత్తులో తెలుగుబడిని కోరు తెలుగువారు ఈ సూత్రమును పూర్తిగా అంగీకరింపవలెను. ఆదిలాబాదు గోండు బిడ్డకు గోండిలో, భద్రాచలము కోయ బిడ్డకు కోయలో, శ్రీకాకుళపు కొండలలోని సవర బిడ్డకు సవరలో మొదటి పాఠము చెప్పుటకు తెలుగు రాష్ట్రములు చేసినది స్వల్పము. తాను అల్పసంఖ్యాకుడైనచోట హక్కు, అధికసంఖ్యాకుడైనచోట మరపు — ఇది న్యాయము కాజాలదు. సూరత్తు నగరము తెలుగు బిడ్డకు ఇచ్చినదానిని తెలుగు నగరములు ఒడియా బిడ్డకును, గోండు బిడ్డకును ఇచ్చిననాడే తెలుగువారి కోరికకు నైతికబలము చేకూరును.

మూడవది ధనవాదము. అందరికిని ఒకే విద్య వాంఛనీయమే, కాని దానికి ధనమెక్కడిది? — అని బుద్ధిమంతులు తల ఊపుదురు. ఈ వాదమునకు సమాధానము సూరత్తు పొలిమేరలోనే యున్నది. సూరత్తు బ్రిటిషువారిది, దాని ప్రక్కనున్న నవసారి బరోడా సంస్థానములోనిది. మూడవ శాయాజీరావు గాయిక్వాడు 1893లో అమ్రేలీలో నిర్బంధవిద్యను ప్రారంభించి, 1906లో తన సంస్థానమంతటికిని విస్తరింపజేసెను. మహాసామ్రాజ్యమునకు చాలని ధనము ఒక సంస్థానమునకు చాలినది. 1911లో గోఖలే నిర్బంధ ప్రాథమికవిద్యకై శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టి, బరోడాను సాక్ష్యముగా చూపెను. మరుసటి యేడు ఆ బిల్లు 13 ఓట్లకు ఎదురుగా 38 ఓట్లతో ఓడింపబడినది. దానిని ఓడించినవారిలో స్వదేశీయులును ఉండిరి.

1921లో సూరత్తు, అహమ్మదాబాదు, నడియాదు పురపాలకసంఘములు ప్రభుత్వపు గ్రాంటును, దాని పెత్తనమును తిరస్కరించి, తమ బడులను తామే నడుపుకొందుమని నిలిచినవి. 1922లో ప్రభుత్వము సూరత్తు సంఘమును రద్దుచేసినది. గ్రాంటు పోయినను బడి నిలువవలెనని ఒకనాడు తెగించిన నగరమునకు ధనవాదము శోభింపదు. పరాయి ప్రభుత్వము తన బిడ్డలకు గమ్యమును నిర్ణయింపరాదని ఆనాడు ఆ నగరము వాదించినది. అదే వాదమును నేడు మగ్గపుకూలి వినిపించినచో దానికి బదులేమి?

స్వతంత్రభారతము కూడ దారి తెలియక తప్పిపోలేదు. 1964 నుండి 1966 వరకు పనిచేసిన కొఠారి కమిషను, ఒక పేటలోని బిడ్డలందరును, ధనికుల బిడ్డలు, పేదల బిడ్డలు అను భేదము లేక, ఆ పేట బడిలోనే చదువవలెనను సమానపాఠశాలా పద్ధతిని సిఫారసు చేసినది. 1968 నాటి జాతీయ విధానము ఆ మాటను స్వీకరించినది. ఆ బడి మాత్రము రాలేదు. దానికి బదులు 2009 చట్టము ప్రైవేటు పాఠశాలలలో 25 శాతము స్థానములను బలహీనవర్గముల బిడ్డలకు కేటాయించినది. కొందరు బిడ్డలకు దానివలన మేలు కలిగినది. కాని రెండు బడులున్నవని ఒప్పుకొని, ఒకదానినుండి మరియొకదానికి కొందరిని చీటీవేసి చేర్చుట న్యాయము కాదు. అది అన్యాయమునకు వేసిన చిన్న కిటికీ.

ఏకలవ్యుని కథను చెప్పునప్పుడు ద్రోణుడు విద్య నిరాకరించెనని అందరును ఖేదింతురు. కాని ఆ కథలోని ఘోరము నిరాకరణతో ముగియలేదు. చెప్పని విద్యకు గురుదక్షిణ అడుగుటలో అది పూర్తియైనది. తాను నేర్పని వ్రేలినే తనకిమ్మనెను. మగ్గపువాని బిడ్డకు పదునాలుగేండ్లతో చేయి విడిచిన సమాజము, పదునైదవ యేట అతని వ్రేళ్లను తన వస్త్రములకొరకు, తన వజ్రములకొరకు అడుగుచున్నది. అతనికి తాను ఇచ్చినదెంత, అతనినుండి తాను కోరుచున్నదెంత అని లెక్కచూచుకొనుట దానికి తోచుట లేదు.

కావున చేయవలసినది అస్పష్టమేమియు కాదు. తెలుగులోగాని, ఒడియాలోగాని మొదలైన చదువు తెగిపోక పండ్రెండవ తరగతివరకు సాగవలెను. మొదటినుండియే గుజరాతీని, తరువాత ఆంగ్లమును మంచి ఉపాధ్యాయులచే భాషలుగా నేర్పి, బిడ్డ ఏ దశలోనైనను ఒక భాషనుండి మరియొక భాషకు నడచిపోవుటకు వంతెన కట్టవలెను. విద్యాహక్కు పదునాలుగేండ్లతో ఆగక పదునెనిమిదింటివరకు పోవలెను. చేతిపని అందరి బిడ్డలకును ఉండవలెను, లేదా ఎవరి బిడ్డకును ఉండరాదు. పేటబడి పేటవారందరిదియు కావలెను.

ఇకపై విద్యను గూర్చి ఏ ప్రణాళిక వచ్చినను, ఏ కమిషను కూర్చుండినను, దానిని ఒకే ప్రశ్నతో తూచవచ్చును. ఈ బడిని విధించువాడు దీనికి తన బిడ్డను పంపునా? పంపుదునని చెప్పి పంపినచో, ఆ బడిలోని లోపములను అతడే దిద్దించును, ఎవరును అడుగనక్కరలేదు. పంపడేని, అతడు చెప్పిన గమ్యము ఎంత రమ్యమైనదైనను, అది ఇతరుల బిడ్డలకొరకు వ్రాసిన తీర్పు. అట్టి తీర్పును తిరస్కరించు హక్కు లింబాయత్‌లోని తెలుగు నేతగానికిని ఉన్నది.